ఆకు ఉడికిన నీళ్లు

మునగాకైనా తోటకూరైనా సన్నగా తరిగి, ఉడకబెట్టి, నీళ్లు వంచేశాకే పెట్టమన్నాడు ఆత్మకూరు డాక్టరు. ఆకుల్లోని పొటాషియం అందరికీ బలమే, కిడ్నీలు చెడినవాడికి మాత్రం విషంతో సమానమట. కృపారాణి తు.చ. తప్పకుండా అలాగే చేసింది. చప్పిడి పిప్పిలాంటి ఆ కూరను భర్త జయపాల్ వంక పెట్టకుండా తినేవాడు. అయినా డయాలసిస్‌కు వెళ్లిన ప్రతిసారీ రక్తంలో పొటాషియం ఎక్కువే. "ఏం పెడుతున్నావమ్మా ఆయనకు?" అని డాక్టరు అందరి ముందూ కృపను కసిరేవాడు. జయపాల్ పక్కనే ఉన్నా ఏమీ అనేవాడు కాదు.

పోయిన నెల అతని గుండె ఆగిపోయింది. పొటాషియం పెరగడమే కారణమన్నారు. ఉదయగిరిలో సమాధి చేసి వచ్చిన దగ్గర్నుంచి కృపకు ఏడుపు రాలేదు. ఏ రోజు ఏ కూర సరిగా వంచలేదో, తన చేతులారా ఏం పెట్టి చంపుకుందో అని వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఆదరణ కూడికలో పాస్టరుగారు ప్రార్థన చేస్తూ ఏడ్చేస్తే, ఈమె టీ గ్లాసులు సర్దుతూ కూర్చుంది. మొగుడు పోయినా ఉలకదు పలకదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఇవాళ సాయంత్రం అత్త హన్నమ్మ స్టీలు గ్లాసొకటి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. పచ్చటి చారు, మిరియాలు జీలకర్ర వాసన వేస్తోంది.

"తాగు కృపా. ఒంట్లో నెత్తురు చుక్క లేకుండా పాలిపోయినావు."

"ఏందత్తా ఇది?"

"మునగాకు ఉడికిన నీళ్లు. మన స్త్రీల సమాజానికి వచ్చిన నర్సమ్మ చెప్పినాది, ఆకు సత్తువంతా నీళ్లలోకే దిగతాదంట. నువ్వేమో పారబోయమని నాకిస్తా ఉంటివి. నాకు మనసొప్పలా. చారు కాచి రోజూ వాడికి పోస్తా వచ్చినా. అందుకే ఆ మాత్రమన్నా నిలిచినాడు నా బిడ్డ."

నర్సమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఒంట్లో అన్నీ సక్రమంగా ఉన్నవాళ్లకు ఆ నీళ్లు మంచివే. హన్నమ్మ ఆ మంచిని కొడుక్కే దాచిపెట్టింది, అంతే.

కృప గుండెల మీద బరువు దిగిపోయింది. తన వంట కాదు. హాయిగా అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. అత్త ముఖం చూసింది. బిడ్డకు చేయగలిగినదంతా చేశానన్న తృప్తి తప్ప ఆ ముసలామెకు మిగిలిందేమీ లేదు. ఒక్క మాట చెబితే అదీ పోతుంది. గొంతుదాకా వచ్చిన మాటను కృప చారుతో పాటే మింగేసింది.

"బాగుండాదా?"

"బాగుండాదత్తా."

"వాడు మొదట్లో తాగనన్నాడు. ఇది నాకు పడదమ్మా, ప్రాణం మీదికొస్తాది అన్నాడు. నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే తాగేసినాడు. ఆ తర్వాత ఎప్పుడూ వద్దనలా." హన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "కృపకు మాత్రం చెప్పమాక, నిన్ను తిడతాది అన్నాడు."

కృపకు కోపం రావాలి. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక, ఇంకాస్త పోయమని గ్లాసు చాపింది.