ఒబ్దూలియా ఇంటిమీదికి ఒరిగిన పైన్ చెట్టు

పిడుగు పడి చచ్చిన పైన్ చెట్టు, వానలకి వేళ్ల కింద మట్టి జారిపోయి, ఒబ్దూలియా ఇంటిమీదికి మరో జానెడు ఒరిగింది. పైనున్న తొర్రలో ఎర్ర నుదుటి చిలుకల జంట పిల్లల్ని పెట్టింది. గాలి కదిలితే చాలు, ఆమె పెనంమీద రొట్టె వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేది.

కోత మిల్లులో పనిచేసే మరిది మెలితోన్ రంపం భుజాన వేసుకుని వచ్చాడు.

"జరుగు వదినా, మధ్యాహ్నానికి పడగొట్టేస్తా."

"పిల్లలున్నాయిరా!"

"పిట్టకి రెక్కలున్నాయి, ఇంకో చెట్టు చూసుకుంటుంది. చెట్టుకేమున్నాయి? పడితే నీ నెత్తినే. అయినా, చలి రాగానే చెప్పాపెట్టకుండా దక్షిణానికి పోయే పిట్ట అది. ఈ చెట్టు నూరేళ్లుగా కొండ దిగలేదు. ఏది మనది? మన చెట్టుని మనం కొట్టుకుంటే తప్పేంటి?"

"ఈ చెట్టు బతికుండగా నీడిచ్చింది, చచ్చాక ఆ పిట్టకి ఇల్లిచ్చింది. నువ్వు నిక్షేపంలా బతికుండి, పోయినేడు అడిగిన తలుపు గడియ ఇంకా బిగించలేదు."

మెలితోన్ రంపం మళ్లీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కోపమొచ్చిందేమోనని ఆమె మనసు పీకింది. ఆ మధ్యాహ్నమే మిల్లులోని పాత ఇనుప తాడు తెచ్చి, చెట్టు నడుముకి బిగించి, ఎగువనున్న పచ్చని పైన్‌కి కట్టాడు.

"ఆగుతుందా?"

"ఆగితే ఆగుతుంది. నువ్వు మాత్రం లోపల పడుకోకు."

ఐదు వారాలు ఆమె మొక్కజొన్న కొట్టంలో పడుకుంది. తాడు కిర్రుమంటే లేచి కూర్చునేది. బీన్సు ఏరుతూ ఏరుతూ, ఏరినవాటినే మళ్లీ ఏరేది. అక్టోబరులో ఒక ఉదయం మూడు పిల్లలూ తూలుతూ, అరుస్తూ లోయ మీదుగా ఎగిరిపోయాయి. ఆమె తిన్నగా మిల్లుకే నడిచింది.

"పోయాయి. ఇక రంపం తీసుకురా."

మెలితోన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "వచ్చే ఏడు వస్తేనో?"

"ఇంకో చెట్టు చూసుకుంటాయన్నావుగా!"

"అన్నాను. ఈ నెల్లాళ్లూ నేనే చూశా వదినా. ఈ వాలున తొర్రున్న మాను ఇంకొకటి లేదు. అన్నీ మేమే కొట్టేశాం."

ఆమె మిల్లు గుమ్మంలోంచి దూరంగా కనిపిస్తున్న చెట్టుకేసి, దాని కిందున్న తన ఇంటికేసి మార్చి మార్చి చూసింది.

"ఇల్లు దుంగలదేగా," అంది చివరికి. "విప్పి అవతలికి జరిపితే ఎన్నాళ్లు పడుతుంది?"

"మంచు పడేలోపు అయిపోద్ది."

మర్నాడు పొద్దున్నే మెలితోన్ కప్పెక్కాడు. ఒబ్దూలియా కింద నిలబడి మొదటి రేకు అందుకుంది.