అక్క గదికి వెళ్ళే మెట్లు

తాళాలాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఎంత మొండి తాళమైనా ఆయన చేతిలో పడితే నోరు తెరవాల్సిందే. ఆయన నోటికీ ఒక తాళం ఉందనీ, దాని చెవి వాళ్ళక్క దగ్గరే ఉందనీ వీధివాళ్ళు వేళాకోళమాడేవారు. అందులో అబద్ధమేమీ లేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. పెంచింది అక్క, తిట్టింది అక్క, పొద్దస్తమానం ఆయనతో మాట్లాడింది కూడా అక్కే. ఆమె చూపు మసకబారి, వైద్యానికని చెల్లెలింటికి వెళ్ళాక, ఆ ఇంట్లో మాట అనేదే వినబడలేదు.

కింద తాళాల కొట్టూ, వంటగదీ. పైన అక్క గది. మధ్యలో మలుపు తిరిగే చెక్కమెట్లు.

ఒకరోజు చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, డాక్టరు పెదవి విరిచేశాడు. అక్క ఇక మా ఇంట్లోనే ఉంటుంది. ఆ దిక్కుమాలిన మెట్ల మీంచి పడిందంటే ఎవరు చూస్తారు?"

అక్క ఫోను లాక్కుంది. "దాని మాటలకేం లేరా. వచ్చే ఆదివారం వస్తా. ఒకసారి నా గదికి ఎక్కి చూసుకుంటా. ఎక్కగలిగానా, ఉండిపోతా. లేదంటే బట్టలు సర్దుకుని దీంతోనే వెళ్ళిపోతా."

'ఎలాగైనా ఉండిపో అక్కా' అని గొంతుదాకా వచ్చింది. "సరే" అని ఫోను పెట్టేశాడు మహానుభావుడు!

పెట్టేసి మెట్ల వంక చూశాడు. ఏళ్ళ తరబడి పూత మీద పూత వేసిన రంగులు, వాటి మీద నల్లబడిన వార్నిష్. కళ్ళున్నవాడికే అడుగెక్కడ వెయ్యాలో తెలియదు. అదంతా ఊడదీసి చెక్క తెల్లగా బయటపడితే, అక్కకి మిగిలిన ఆ కాస్త చూపుకీ అంచు కనబడదూ? ఆలోచన బంగారమే. ఒక్క మాట ఆమెను అడిగి ఉంటే ఇంకా బాగుండేది. కానీ అడగడం ఆయన జాతకంలోనే లేదు. పైగా చెప్పకుండా చేసి అక్కని మురిపించాలని సరదా ఒకటి.

కొట్టు మూసి పనిలో దిగాడు. రంగు ఊడదీసే మందు కుంచెతో పట్టించి, అది పొంగి ముడతలు పడేదాకా కాచుకుని, రేకుతో గీకితే వార్నిష్ నల్లటి జిగురై వచ్చేది. దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఇటుక రంగు. కిటికీలన్నీ బార్లా తెరిచినా మందు ఘాటుకి కళ్ళు మండిపోయేవి. రెయిలింగు కింది ఊచల నగిషీలో రంగు మొండికేస్తే, తాళాలు విప్పే సన్నటి కమ్మీలతో తవ్వి తీశాడు. ఇక రెయిలింగు దగ్గరైతే ఒళ్ళు దాచుకోలేదు. అక్క చెయ్యి పడే చోటు కదా! ముందు ముతక ఉప్పుకాగితంతోనూ, తర్వాత సన్న కాగితంతోనూ, అరచెయ్యి జారిపోయేదాకా రుద్దాడు.

మధ్యలో ఒకసారి "అక్కా, కాసిని మంచినీళ్ళు" అని కేకేసి నాలిక కరుచుకున్నాడు. అన్నం వేళకి అలవాటుకొద్దీ రెండు కంచాలు కడిగి, ఒకదాంట్లో తిన్నాడు. పనిలో ఉన్నంతసేపూ ఫరవాలేదు. చేతులు కడుక్కున్నాక ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు.

ఆదివారం వచ్చారు. చెల్లెలు అక్క మణికట్టు గట్టిగా పట్టుకుని ఆటో దింపింది. గుమ్మం దాటగానే అక్క విదిలించుకుంది.

"వదలవే బాబూ! ఇది నా ఇల్లు." కొట్టులో బల్లకి తగలకుండా, తలుపుకి కొట్టుకోకుండా నేరుగా మెట్ల దగ్గరికి నడిచింది. "ఏంట్రా ఈ కంపు? కొంప తగలబెట్టావా?"

"ఎక్కు, నీకే తెలుస్తుంది" అన్నాడు తమ్ముడు, నవ్వు ఆపుకోలేక.

అక్క రెయిలింగు మీద చెయ్యి వేసింది. ఒక మెట్టెక్కింది. ఇంకోటి. చెయ్యి ముందుకి జారింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకి పోయి వెతికింది. మలుపు ఇంకా రాకముందే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగి, ఉన్న మెట్టు మీదికే దిగింది.

"నా బొడిపేదిరా?"

"బొడిపేంటక్కా?"

"రంగు కారి గడ్డకట్టిన బొడిపె. అది తగిలితే మలుపొచ్చినట్టు. అది దాటాక పెచ్చూడిన గుంట. పైన వేలికి గీసుకునే పొలుసు తగిలితే నా గది. ఏవిరా అవన్నీ?"

"గీకేశాను" అన్నాడు. "చెక్క తెల్లగా ఉంటే నీకు అంచు కనబడుతుందని..."

"నాకెక్కడ కనబడుతుందిరా! వైద్యానికి పోకముందే అంతా పోయింది. చెబితే నువ్వు బెంగపెట్టుకుంటావని చెప్పలేదు."

చూశారా ఈ అక్కాతమ్ముళ్ళ నిర్వాకం! ఒకరినొకరు కష్టపెట్టకూడదని ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. కొంప ముంచింది ఆ ప్రేమే.

"గాట్లు పెడతానక్కా. మేకులు కొడతాను. ఎక్కడ చెబితే అక్కడ."

"కళ్ళు కాస్తో కూస్తో ఉన్నప్పుడు చేతికి నేర్పుకున్నవిరా అవి. ఇప్పుడు కొత్తగా ఏం నేర్పను?"

"అయితే నేనే చెయ్యి పట్టుకుంటాను. ఎప్పుడు ఎక్కాలన్నా, ఎప్పుడు దిగాలన్నా. వెళ్ళకు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదక్కా."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట అంత మాట రావడం అదే మొదలు. చెల్లెలు తల తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. అక్క మెట్టు మీదే కూలబడి, పక్కనున్న ఊచని కిందినుంచి పైదాకా తడిమింది.

"ఎంత నున్నగా చేశావురా" అంది. వేళ్ళు ఊచ మీదే ఉంచి, "చెయ్యి పట్టుకునేవాళ్ళు అక్కడా ఉన్నార్రా నాన్నా. స్నానాల గదిక్కూడా పట్టుకునే తీసుకెళ్తారు. ఎవరూ పట్టుకోకుండా నడిచే ఇల్లు ఇదొక్కటే మిగిలిందనుకున్నా" అంది.



చెల్లెలు పైకెళ్ళి బట్టలు సర్దసాగింది. ఆయన అక్కని లేవదీసి, "ఇదిగో మెట్టు... ఇదిగో ఇంకోటి" అంటూ దింపాడు. కిందికి చేరాక కూడా గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

"నేల వచ్చిందిరా, వదులు" అంది అక్క.

వదిలాడు.