మొక్క ఎవరికి అడ్డం?

జీవరాజు తన్నిన బంతి ఊపుకి గోలు వెనక కొబ్బరిచెట్టు మీది కాకులు బెదిరి, అన్నవరం దాకా ఎగిరిపోయి కొండమీద దర్శనం చేసుకుని గానీ తిరిగి రాలేదని కడియంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాకుల సంగతి ఎలా ఉన్నా బంతి గోల్లో పడిన మాట నిజం. రిఫరీ ఈల ఊది, అది ఆఫ్‌సైడు, గోలు చెల్లదన్న మాటా నిజమే.

జీవరాజుకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు ఆడుకునే ఆ స్థలం మాణిక్యాంబగారిది. కడియం జట్టు వేమగిరి మీద గెలిస్తే ఆటకే వదిలేస్తాననీ, గెలవకపోతే గులాబీ అంట్లు పెట్టిస్తాననీ ఆవిడ ముందే చెప్పేసింది. అప్పటిదాకా ఎవరికీ గోలు లేదు. ఆట ముగిసే వేళయింది.

రిఫరీ సూర్యప్రకాశంగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. జీవరాజు ఆయన ముందు నిలబడ్డాడు.

"నేను వేమగిరి వాళ్ళకి ఇవతలనుంచే కొట్టాను కదండీ. ఆఫ్‌సైడెలా అవుద్దండీ?"

"నువ్వు కాదురా, మీ జట్టు దొరబాబు. నువ్వు తన్నేటప్పటికి వాడు వేమగిరి వాళ్ళందర్నీ దాటేసి గోలు పక్కనున్నాడు."

ఉన్నాడు, నిజమే. వానలకి సున్నం గీతలు నిలవవని అక్కడ గీత పొడుగునా మన్ను నింపిన క్రోటన్ మొక్కల కవర్లు పేరుస్తారు. కాసేపటి క్రితం బంతి తగిలి ఒక కవరు పడిపోయింది. నర్సరీలో పెరిగిన మనిషి పడిన మొక్కని చూసి ఊరుకోలేడు. దొరబాబు ఆట మాట మరిచి, బంతికి వీపు పెట్టి, వంగి దాన్ని నిలబెడుతున్నాడు.

"వాడు బంతిని ముట్టుకున్నాడా? కీపర్ కళ్ళకి అడ్డమొచ్చాడా? ఊరికే అక్కడుంటే తప్పు కాదండీ. మొన్న ప్రపంచ కప్పులో అలాంటి గోల్స్ ఎన్ని ఇచ్చారో టీవీలో మీరూ చూశారు."

"నేను నేర్చుకున్నప్పుడు అక్కడుంటే ఉన్నట్టేరా. పనిలేకపోతే అక్కడికెందుకెళ్ళాడు?"

"పెళ్ళివారి పందిట్లోంచి నడిచెళ్ళినవాడికల్లా విస్తరేస్తారాండీ?"

జనం నవ్వారు. మాస్టారు నవ్వలేదు. అయినా న్యాయమైన మనిషి కనక వేమగిరి కీపర్ వీరబ్రహ్మాన్ని పిలిచారు.

"బంతి కనపడిందా నీకు?"

"కనపడిందండి. దూకాను, అందలేదండి."

జీవరాజు ఛాతీ విరుచుకున్నాడు. పాపం, అక్కడితో ఆపితే సరిపోయేది. వీరబ్రహ్మం కూడా నర్సరీ మనిషే, పైగా ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు.

"దూకేముందు మాత్రం, కవరు చిరిగి మన్ను కారిపోతంది, అడుగు పట్టుకోవోయ్ అన్నానండి."

మాస్టారి కళ్ళు మెరిశాయి. "వాడేమన్నాడు?"

దొరబాబు తలొంచుకుని చెప్పాడు. "పట్టుకున్నాలే అన్నానండి."

"అదీ. కీపర్‌తో కబుర్లు పెట్టాడంటే ఆటలో వేలు పెట్టినట్టే. ఆఫ్‌సైడు."

"కబురెత్తింది ఆయనండీ, మావాడు కాదు. మర్యాదకి బదులు చెప్తే నేరమాండీ? పిలిస్తే పలక్కూడదని ఏ రూల్లో రాశారు?"

"నా రూల్లో రాశారు," అన్నారు మాస్టారు, ఈల మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ.

గోల్లేకుండానే ఆట ముగిసింది. మాణిక్యాంబగారు మాట తప్పే మనిషి కాదు. వారం తిరక్కుండా స్థలం దున్నించి, అంట్లు నాటడానికి మనుషుల్ని పిలిపించింది. పిలవకుండానే జీవరాజు కూడా వచ్చాడు. మొదటి అంటు ఎక్కడ పెట్టాలో తనకి తెలుసన్నాడు. గోలు స్తంభం పీకేసిన గుంట పక్కన, దొరబాబు వంగిన చోటే పాతాడు.

ఆ పక్కనే రోడ్డు. మాస్టారు రోజూ సైకిలు మీద ఆ దారినే వెళ్తారు. జీవరాజు నీళ్ళ బిందె దించి, నడుం మీద చెయ్యి వేసుకుని అడుగుతాడు.

"మాస్టారండీ, ఈ మొక్క ఎవరికి అడ్డమండీ?"

మాస్టారు బెల్లు కొట్టుకుంటూ ముందుకి పోతారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ జవాబు చెప్పలేదు. చెప్తే ఆటలో వేలు పెట్టినట్టవుతుందని కాబోలు.