ఆముదం వద్దన్న అబెరాష్

అబెరాష్ మాకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్ ఇంటికి వచ్చిన రోజు నుంచి గ్యాస్ సిలిండర్లు మోయడం నాకు తప్పింది.

అంతకుముందు అది నా పని. జహ్రా పట్టణంలో మూడంతస్తుల ఇల్లు. నేను ఆ ఇంటి డ్రైవరును. పెద్ద వంటగది బయట దొడ్డివైపు ఉండేది, చిన్నది మేడ మీద. సిలిండర్ భుజాన వేసుకుని నలభై రెండు మెట్లు ఎక్కాలి. అబెరాష్ ఇథియోపియా మనిషి. పొడగరి, నలుపు, ఇరవై ఆరేళ్లుంటాయి. ఇంటి యజమానురాలిని మేమంతా మామా అనేవాళ్లం. ఆమె అబెరాష్‌ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, "ఈ జాతివాళ్లకు బలమెక్కువ" అని సిలిండర్ చూపించింది. అంతకుముందున్న ఫిలిప్పీన్ పిల్లను ఎవరూ ఎత్తమనలేదు. వంటామె సంజీవమ్మనూ అనలేదు. వాళ్లు ఆడవాళ్లు. అబెరాష్‌ను ఆ వరుసలో ఎవరూ నిలబెట్టలేదు. నేనూ ఏమీ అనలేదు. నా నడుముకు సుఖంగా ఉంది.

సాయంత్రం చెత్తసంచి పట్టుకుని వీధి చివరికి పోతే మాత్రం ఆమె ఆడదే. కార్లు పక్కకు వచ్చి ఆగేవి. అద్దాలు దించి ఎంతకు వస్తావని అడిగేవాళ్లు. అదే వీధిలో సంజీవమ్మ పోతే ఒక్క కారూ ఆగదు. అబెరాష్ తల దించేది కాదు, పరుగెత్తేది కాదు. సంచి కింద పెట్టి, కారు వెనక్కి నడిచి, నంబరు పలకను గట్టిగా చదివేది. ఒక్కొక్క అంకె, అరబీలో, బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు. మూడో అంకెకు కారు అక్కడ ఉండేది కాదు. నేను గేటు దగ్గర నిలబడి చూసేవాణ్ణి.

సంజీవమ్మది రాజంపేట పక్క పల్లె. చేయి మంచిది, మనసూ చెడ్డది కాదు. కానీ సింకు కింద, ఫినాయిల్ సీసా పక్కన, ఒక గాజు గ్లాసు బోర్లించి పెట్టేది. అది అబెరాష్ గ్లాసు. మా ఊళ్లో టీ అంగడి చూరులో మా నాయనకు అట్లాంటిదే ఒకటి ఉండేది. తానే దించుకోవాలి, తానే కడిగి పెట్టాలి. సంజీవమ్మకు ఆ సంగతి తెలియదు. నేను వచ్చిన మొదటిరోజే "మీరేమిటోళ్లబ్బా?" అని అడిగితే అబద్ధం చెప్పాను. అందుకే నాకు స్టీలు గ్లాసు దొరికింది. అందుకే గాజు గ్లాసు సంగతి ఎత్తలేదు.

అబెరాష్‌కు ఆ గ్లాసు ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకరోజు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఈ ఇంట్లో ఒక్క మనిషే కడిగి ఒక్క మనిషే తాగే గ్లాసు ఇదే పుల్లా. అన్నిటికంటే శుభ్రమైంది" అని నవ్వింది. నా పేరు చిన్నపుల్లయ్య. ఆమెకు అంతవరకే నోరు తిరిగేది. మా ఇద్దరికీ ఉన్నది విరిగిన అరబీ. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రెండువేల ఎనిమిది జూన్‌లో, ఒక గురువారం, ఆమె కడుపు పట్టుకుని మామా దగ్గరికి పోయింది. మామా రెండు పనడాల్ బిళ్లలిచ్చింది. "రేపు నలభై మంది భోజనానికి వస్తున్నారు. రేపటికే రావాలా నీకు నొప్పి?" అంది. ఆ రాత్రి అబెరాష్ నలభై మందికి సరిపడే పళ్లాలు తోమింది.

శుక్రవారం పొద్దున ఏడింటికి నేను వంటగదిలోకి పోయేసరికి బియ్యం మూటల మధ్య మోకాళ్లు ముడుచుకుని ఉంది. సంజీవమ్మ చేతిలో ఆముదం సీసా. ఊరినుంచి తెచ్చుకున్న గానుగాముదం. మా వైపు కడుపునొప్పి అంటే ముందు ఆముదమే. నేనూ చిన్నప్పుడు ముక్కు మూసుకుని తాగినవాణ్ణే.

"కడుపు కట్టుకోనుంటాది. రెండు గుటకలు తాగితే మజ్జానానికి లేసి తిరుగుతాది," అంది సంజీవమ్మ.

అబెరాష్ సీసా వాసన చూసి తల అడ్డంగా ఊపింది. "లా."

"తాగుమే! నేనేమన్నా ఇసం పోస్తాండానా?"

"వద్దు సంజీవా. ఇది తాగితే నేను చచ్చిపోతాను."

ఆ మాట నేను తెలుగులో చెప్పాను. సంజీవమ్మ మొహం మాడిపోయింది. "సూస్తివా పుల్లయ్యా దీని పొగరు! నా సేతిది తాగదంట. నా సేతిది!"

"నువ్వు ఆ పిల్ల ముట్టిన గ్లాసు ముట్టవు గదక్కా," అన్నాను. ఏడాదిలో నేను ఆమెతో అన్న పెద్ద మాట అదే.

"అది ఏరే, ఇది ఏరే," అంది గానీ, సీసా బిరడా పెట్టింది.

అబెరాష్ నేల మీద వెల్లకిలా పడుకుంది. సంజీవమ్మ చేయి పట్టి లాగి తన కడుపు మీద కుడివైపు కిందుగా పెట్టుకుంది. సంజీవమ్మ చేయి వెనక్కి తీసుకోబోయింది. అబెరాష్ వదల్లేదు.

"నొక్కు."

సంజీవమ్మ నొక్కింది. అబెరాష్ పళ్లు బిగించింది.

"ఇప్పుడు టక్కున వదులు."

వదలగానే అబెరాష్ నోట్లోంచి వచ్చిన కేకకు గోడమీది పావురాలు లేచిపోయాయి.

"నొక్కినప్పటికంటే వదిలినప్పుడు ఎక్కువ," అంది, ఊపిరి తీసుకుంటూ. "లోపల చిటికెన వేలంత పేగు ఒకటి ఉంటుంది. దానికి చీము పట్టింది. పగిలితే ఖలాస్. విరేచనాల మందు తాగితే ఇంకా ముందే పగులుతుంది."

తన ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో నర్సు వెంట మూడేళ్లు పనిచేసిందట. ఇక్కడికొచ్చిన కొత్తలో మామాకు చెబితే, "మంచిది, బాత్రూములు బాగా కడుగుతావు" అన్నదట.

సంజీవమ్మ చేయి ఇంకా ఆ కడుపు మీదే ఉంది. "ఒళ్లు పెనం మాదిరి కాలతాంది పుల్లయ్యా," అంది. గొంతులో కోపం లేదు. "పో, మామాకు చెప్పుపో."

మామా ముంగిట్లో కుర్చీలు వేయిస్తోంది. నేను కడుపునొప్పి అన్న మాట పూర్తి కాకముందే ఆమె కళ్లు నా మీద నిలిచాయి.

"కడుపా? ఎవరిది?"

పెళ్లికాని పిల్ల కడుపు పట్టుకుని ఆసుపత్రికి పోతే పెళ్లి కాగితం అడుగుతారు. లేకపోతే పోలీసును పిలుస్తారు. పక్కన మగవాడుంటే వాడినీ. ఇక్కడ బతికే డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే. ఫిలిప్పీన్ పిల్లకు ఒకసారి కడుపునొప్పి వస్తే మామా అట్లా అడగలేదు. నిమ్మరసం కలిపి ఇచ్చింది.

"ఈ నల్లవాళ్ల సంగతి నాకు తెలియదా? అతిథులు పోనీ. సాయంత్రం దీన్ని పంపిన ఆఫీసు వాళ్లకు అప్పగిస్తాను, వాళ్లే చూసుకుంటారు," అంది మామా.

నేను గేటు దగ్గరికి నడిచాను. సెలవు అడగలేదు. అడిగితే లేదంటుందని తెలుసు. కారు తెచ్చి ముందరి మెట్ల దగ్గర పెట్టాను. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, నా ఇఖామా, ఆ ఇంటివాళ్ల చేతిలో ఉంది. తాళం తిప్పుతుంటే ఆ సంగతే గుర్తొచ్చింది. తిప్పాను.

సంజీవమ్మ భుజం పట్టుకుంటే అబెరాష్ గోడ వెంబడి నడిచి వచ్చింది. పనివాళ్ల దారిన కాదు, ముంగిట్లోకి. మామా ఎదుట నిలబడింది. పూర్తిగా నిటారుగా నిలబడలేకపోయింది గానీ తల మాత్రం ఎత్తింది.

"మామా, నాకు కడుపు లేదు. ఏ మగవాడూ నన్ను తాకలేదు. ఆసుపత్రిలో పరీక్షకు పది నిమిషాలు. నాది అబద్ధమైతే జైలుకు నేనే నడిచి పోతాను. ఇక్కడే ఉంటే మీ అతిథులు అన్నం తినే వేళకు మీ వంటింట్లో చచ్చిపోతాను. అప్పుడు పోలీసు నన్ను ఏమీ అడగడు."

బెదిరింపు కాదది. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

మామా కారును చూసింది, నన్ను చూసింది. "పన్నెండుకు కారు ఇక్కడ ఉండాలి," అని లోపలికి పోయింది.

సంజీవమ్మ వెనక సీటులో తన దుప్పటి పరిచి అబెరాష్‌ను పడుకోబెట్టింది. "బియ్యం నానబోసినా, లేకుంటే నేనూ వస్తును. గుంతల్లో దుమికించొద్దు అబ్బా, నిదానంగా పోనీ," అంది.

ఆసుపత్రిలో కౌంటర్ గుమస్తా ముందు నన్నే చూశాడు. "భర్తవా? పెళ్లి కాగితం ఏది?"

వెనకనుంచి అబెరాష్ చెప్పింది. "ఇతను డ్రైవర్. నాకు పెళ్లి కాలేదు. నా కడుపులో బిడ్డ లేదు. పరీక్ష చెయ్యి. రాసుకో." హాలంతా వినబడేటట్టు చెప్పింది. కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలు తిప్పారు. ఆమె ఎవరివైపూ చూడలేదు.

"ఓయమ్మా," అన్నాను నాకు తెలియకుండానే.

అటు పోతున్న నర్సు ఆగింది. "మనవాళ్లేనాండీ?" అంది. అమలాపురం దగ్గరి మనిషి, పేరు రూతమ్మ. నేను చెప్పింది విని పెదవి విరిచింది. "ఏమో బాబూ, శుక్రవారం వచ్చిందంటే ఈ ఆఫ్రికా అమ్మాయిలు పని ఎగ్గొట్టడానికి రోజుకి ఇద్దరొస్తారండి. గట్టి పిండాలు, ఏమీ కాదు వాళ్లకి."

మా తెలుగు అబెరాష్‌కు అర్థం కాలేదు. మొహం మాత్రం అర్థమైంది. మళ్లీ అదే పని చేసింది. నర్సు చేయి తీసుకుని కుడివైపు పెట్టింది. నొక్కమంది. వదలమంది.

రూతమ్మ మొహం మారిపోయింది. "ఏమైనా తాగిందాండీ? ఆముదంలాంటిది?"

"తాగలేదు."

"ఇచ్చారా?"

"ఇచ్చినాము. వద్దనింది."

రూతమ్మ అబెరాష్ మొహంలోకి వంగి చూసింది. "నీ పేరేంటమ్మా?" అని ఆమెనే అడిగింది, అరబీలో. ఆ హాల్లో ఎవరూ అంతవరకు అడగని మాట. తర్వాత తనే రోగుల బండి తెచ్చి, ఆమెను పడుకోబెట్టి, తోసుకుని లోపలికి పరుగెత్తింది.

పరీక్షలో బిడ్డ లేదని తేలింది. డాక్టరు వచ్చి చూసి వెంటనే కోయాలన్నాడు. గుమస్తా కాగితం తెచ్చాడు. కాగితంతో పాటు, అడగకుండానే, సిరాడబ్బా మూత తీసి ఆమె వేలి దగ్గరికి జరిపాడు.

అబెరాష్ డబ్బాను వెనక్కి జరిపింది. "కలం," అంది.

పడుకునే రాసింది, ఒక పక్కకు ఒరిగి. వాళ్ల భాష అక్షరాలు. నాకు రావు. ఒక్కొక్కటి కాళ్లు పాతి నిలబడిన మనిషిలా ఉంది. మధ్యలో నొప్పి వచ్చింది. కలం పైకెత్తి, కళ్లు మూసుకుని, అది పోయేదాకా ఆగింది. మళ్లీ రాసింది. తన పేరు ముగించి తండ్రి పేరు మొదలుపెట్టింది. గుమస్తా తొందరపడ్డాడు. "చాలు, చాలు." ఆమె తండ్రి పేరులో చివరి అక్షరం దాకా రాసి కలం ఇచ్చింది.

పన్నెండుకు మామా ఫోను చేసింది. "ఎవరిది?" అంది మొదటి మాటే.

"పేగుది, మామా. కోస్తున్నారు."

"కారు?" అంది.

"ఇప్పుడు రాదు," అన్నాను.

మసీదునుంచి సలాత్ పిలుపు వినబడింది, ఆగింది. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి రూతమ్మ వచ్చింది, టోపీ తీసి చేతిలో పట్టుకుని.

"తీసేశారండి. పగలబోతోందంట. ఆ ఆముదం తాగుంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు. మేమేం చెయ్యలేదండీ, ఆవిడే బతికించుకుంది తనని." తర్వాత నా చొక్కా మీది దుమ్మును, ఎండిన నోటిని చూసి, "పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నారు. ఆవిడ మీకేమవుతుందండీ?" అంది.

"నేను ఆమె డ్రైవర్ని," అన్నాను.