పొద్దున ఎనిమిదింటి లాగిన్

సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు నోరు విప్పితే చాలు, పాత ప్రోగ్రామరుకు ఒళ్లు మండిపోతుంది. ఆయన కోడు రాసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు గానీ, తెల్లబోర్డు కనబడితే మాత్రం పెట్టెలు గీసి బాణాలు గుచ్చేస్తాడు. ఆఫీసులో అందరూ వెనకాల ఈ ప్రోగ్రామరమ్మను ‘సణుగుడక్క’ అంటారు. అననీ. సణగాల్సినవి కళ్లముందు ఇన్ని పెట్టుకుని పాటలు పాడమంటారా?

ఆ రోజు మీటింగు గదిలో మాత్రం సణిగితే సరిపోయేలా లేదు. బల్ల మీద మేనేజరమ్మ ముందు ఒక కాగితం ఉంది. టెస్టరమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు అందులో రాసి ఉంది. ఇక సంతకం పెట్టడమే తరువాయి.

వాళ్ల సర్వర్ ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు చూస్తుంది. నిన్న ఒక ముసలాయన ఆపరేషన్‌కని పరగడుపున వస్తే, రద్దయిందని చెప్పి తిప్పి పంపేశారు. ఎవరు రద్దు చేశారా అని, ఎవరేం చేసిందీ సర్వర్ రాసుకునే లాగ్ తీస్తే టెస్టరమ్మాయి పేరుంది. అదొక్కటేనా! ఆరు రోజులుగా నలభై ఆసుపత్రుల్లో జరిగిన ప్రతి రద్దు కిందా ఆమె పేరే.

“నేను చెయ్యలేదు మేడమ్. పొద్దున్నే సర్వర్ లేచిందో లేదో చూడ్డానికి లాగిన్ అవుతాను, అంతే,” అంది ఆ అమ్మాయి. మొహాన నెత్తురుచుక్క లేదు.

“లాగ్ అబద్ధం చెప్పదు,” అన్నాడు ఆర్కిటెక్టు, కుర్చీలో వెనక్కి వాలి.

అబ్బో! నలభై ఆసుపత్రుల రద్దులన్నీ ఒక్క పిల్ల తిండీ నిద్రా మానేసి కూర్చుని చేసిందట. ఇంత పెద్ద బుర్రకు అది నమ్మబుద్ధయింది.

పాత ప్రోగ్రామరుకు మాత్రం ‘పొద్దున్నే’ అన్న మాట దగ్గర విషయమంతా తెలిసిపోయింది. ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. రోజూ ఎనిమిదింటికి సైటు మూసి, సర్వర్‌ను ఆపి మళ్లీ లేపుతారు. టెస్టరమ్మాయి ఒక్కతే లాగిన్ అయి చూసి ‘బాగుంది’ అన్నాకే మిగతా అందరినీ రానిస్తారు. అంటే లేచిన సర్వర్ మొట్టమొదట చూసే మనిషి రోజూ ఆమే.

సర్వర్‌లో తలా ఒక పని చేసే ఆబ్జెక్టులుంటాయి, ప్రతిదానికీ ఇంత ఆయుష్షని ఉంటుంది. ‘ఇప్పుడు వచ్చింది ఎవరు’ అని గుర్తుపెట్టుకునేది ఒక్క రిక్వెస్టు, అంటే ఆ మనిషి అడిగిన ఒక్క పని, అయ్యేదాకా బతికితే చాలు. ఆ పని అవగానే అది పోవాలి, తర్వాతి మనిషికి కొత్తది పుట్టాలి. లాగ్ రాసే ఆబ్జెక్టు కూడా మొన్నటిదాకా అలాగే పుట్టి పోయేది. ఆరు రోజుల కిందట ఆర్కిటెక్టుకు వేగం పిచ్చి పట్టి, కోడులో ఒక్క మాట మార్చి దాన్ని సింగిల్టన్ చేసేశాడు. ఇక అది పొద్దున ఒక్కసారి పుడితే సర్వర్ ఆగేదాకా చావదు. పుట్టినప్పుడు చేతికందిన మొదటి మనిషి వివరాలను పట్టుకుని రోజంతా వదలదు. టికెట్ కలెక్టరు పొద్దున మొదటి ప్రయాణికుడి టికెట్టు జేబులో వేసుకుని, ఆపైన ఎవరు ఎక్కినా దాంట్లోని పేరే రాసుకున్నట్టు.

ఇలాంటి అఘాయిత్యం జరిగితే ‘నేను లేవను’ అని మొరాయించే తనిఖీ సర్వర్‌లోనే ఉంది. మొరాయించింది కూడా. ఈ మహానుభావుడు ఆ తనిఖీనే ఆపేశాడు! పాత ప్రోగ్రామరు ఆ రోజే మెయిల్ పెడితే, “కోర్ కోడు మార్చాలంటే రివ్యూ కమిటీ రెండు వారాలు చూడాలి” అని జవాబిచ్చాడు. ఆ కమిటీలో ఉన్నది ఆయనొక్కడే. ఆయన చేసిన మార్పుకు మాత్రం ఏ కమిటీ అక్కర్లేకపోయింది. ఆమె అక్కడితో ఊరుకుంది. ఇప్పుడు ఆ పిల్ల మొహం చూస్తుంటే, అప్పుడెందుకు ఊరుకున్నానా అని తన మీద తనకే రోత పుట్టింది.

“సార్, మీ లాప్‌టాప్ ఒకసారి తెరవండి,” అంది.

“ఎందుకు?”

“లాగ్ అబద్ధం చెప్పదన్నారుగా. చూద్దాం.”

పరీక్షల కోసం పెట్టుకున్న ట్రయల్ సర్వర్‌ను ఆపి లేపింది. “మొదట మీరు లాగిన్ అవ్వండి. అయ్యారా? ఇక కీబోర్డు ముట్టుకోకండి. మేడమ్, ఇప్పుడు మీరు లాగిన్ అయి ఏదో ఒక అపాయింట్‌మెంటు రద్దు చెయ్యండి.”

మేనేజరమ్మ చేసింది. పాత ప్రోగ్రామరు గోడ మీది తెరపై లాగ్ తెరిచింది. రద్దు చేసినవారు అన్నచోట ఆర్కిటెక్టు పేరు.

“ఇంకోటి చెయ్యండి మేడమ్.”

ఇంకోటి. మళ్లీ ఆర్కిటెక్టే.

“రద్దు చేసింది నేను కదా!” అంది మేనేజరమ్మ.

“అవును మేడమ్. నిన్న ముసలాయన ఆపరేషన్ రద్దు చేసింది కూడా ఏ ఆసుపత్రి కౌంటర్లోనో ఎవరో. సార్ పుణ్యమా అని అది ఈ పిల్ల మెడకు చుట్టుకుంది.”

ఆర్కిటెక్టు గొంతు సవరించుకున్నాడు. “ఇది... చిన్న కాన్ఫిగరేషన్ విషయం. కమిటీలో పెడదాం. ప్రాసెస్ ప్రకారం రెండు వారాలు...”

సిగ్గనేది ఉంటే కదా! పాత ప్రోగ్రామరు నోరు తెరవబోయింది. అంతలో టెస్టరమ్మాయి లేచి నిలబడింది.

“అలాగే సార్, రెండు వారాలు తీసుకోండి,” అంది. “అప్పటిదాకా పొద్దున ఎనిమిదింటికి వచ్చి మొదట మీరు లాగిన్ అవ్వండి. నేను మీ తర్వాత అవుతాను.”

మేనేజరమ్మ బల్ల మీది కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆర్కిటెక్టు వైపు చూసింది. “ఆ అమ్మాయి చెప్పింది విన్నారుగా. రేపు ఎనిమిదింటికి రండి,” అంది.

మధ్యాహ్నం భోజనానికి లేవకముందే కోడులో ఆ ఒక్క మాటా మళ్లీ పాతదానికి మారిపోయింది. కమిటీ ఊసు ఎవరూ ఎత్తలేదు.