ఆఫీసు ఫ్రిజ్‌లో ఉండిపోయిన పెరుగన్నం

మంగళవారం మధ్యాహ్నం 12.50కి ప్రగతినగర్‌లో కూతురు, అల్లుడితో కలిసి ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో రత్నమాల చనిపోయింది. వయసు అరవై ఎనిమిది. గుండెపోటు అని డాక్టరు చెప్పాడు. పక్క ఫ్లాట్ పుణ్యవతి ఫోన్ చేసేసరికి రత్నమాల కూతురు వాసంతి మాదాపూర్‌లోని ఆఫీసులో ఉంది. సరుకులు ఇంటికి చేర్చే యాప్ కంపెనీ అది. గోదాము నుంచి గుమ్మం దాకా పాలు, పెరుగు ప్యాకెట్ల చల్లదనం పోకుండా చూసే ప్రోగ్రాం వాసంతి బృందానిది. ఆమె బ్యాగు తీసుకుని క్యాబ్ ఎక్కింది.

బుధవారం అంత్యక్రియలు జరిగాయి. అల్లుడు పార్థసారథి తలకొరివి పెట్టాడు.

గురువారం సాయంత్రం వాసంతి పాలు కాచి, తోడు వేయడానికి ఫ్రిజ్ తెరిచింది. అందులో ఏమీ లేదు. అరలు తుడిచి ఉన్నాయి.

“సావయిన ఇంట్ల వండినయి ఉంచరు బిడ్డా,” అంది పుణ్యవతి గుమ్మం బయటి నుంచే. “మీరు శ్మశానం పోయినంక నేనే అన్ని పారబోసి గిన్నెలు కడిగిన.”

“పెరుగు కూడానా ఆంటీ?”

“పెరుగు గూడ. ఎందుకు, ఏమయింది?”

ఆ పెరుగును రత్నమాల పెళ్లయిన ఏడాది పుట్టింటి నుంచి తెచ్చుకుంది. భీమవరం దగ్గర గేదెలున్న ఇల్లు వాళ్లది. స్టీలు గిన్నెకు గుడ్డ కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ వచ్చింది. అప్పటి నుంచి ఏ రోజు పెరుగులోంచి ఆ రోజు ఒక చెంచా తీసి మర్నాటి పాలలో వేస్తూ వచ్చింది. మనుషులు పశువులను పెంచడం మొదలుపెట్టాక పాలను నిలవ ఉంచుకోవడానికి నేర్చుకున్న పద్ధతుల్లో ఇది పాతది. ఇంట్లో తోడు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్లేవాళ్లు. ప్యాకెట్లు వచ్చాక వెళ్లడం మానేశారు.

ఒకప్పుడు రత్నమాల దగ్గర తోడు తీసుకున్న ఇళ్లన్నిటికీ వాసంతి ఫోన్ చేసింది. అందరి ఇళ్లలోనూ ఇప్పుడు ప్యాకెట్ పెరుగే. పుణ్యవతి ఇంట్లోనూ అంతే.

“మా కోడలు ఫోన్ల నొక్కుతది, పది నిమిషాల్ల పోరడు తెచ్చిస్తడు,” అంది పుణ్యవతి. “మీ కంపెనీదే గదనే.”

శుక్రవారం మధ్యాహ్నం వాసంతికి, మంగళవారం అమ్మ కట్టిచ్చిన లంచ్ బాక్స్ గుర్తొచ్చింది. రత్నమాల పెరుగన్నంలో పెరుగు కలిపేది కాదు. అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు వేసి, తాలింపు పెట్టి మూత బిగించేది. తినే వేళకు పులుపెక్కకుండా తోడుకునేది. మంగళవారం డబ్బా ఆఫీసు ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఆ ఫ్రిజ్‌ను ప్రతి శుక్రవారం సాయంత్రం ఖాళీ చేస్తారు.

“మైలల బయటికి పోతవా?” అని పుణ్యవతి అడిగింది.

“వెళ్లాలి ఆంటీ.”

వాసంతి వెళ్లేసరికి ప్యాంట్రీలో ఫ్రిజ్ తలుపు తీసి ఉంది. హౌస్‌కీపింగ్ చూసే రవీందర్ నల్ల కవరులోకి డబ్బాలు ఖాళీ చేస్తున్నాడు. సింకు పక్కన ఒక స్టీలు డబ్బా మిగిలి ఉంది. మూత మీద రత్నమాల అని చెక్కి ఉంది.

“అది నాది,” అంది వాసంతి.

“మీదా మేడం? రత్నమాల మేడం ఎవలని ఫ్లోరంత అడిగిన. గా పేరుతోని ఎవ్వరు లేరన్నరు. మంగళారం సంది ఉంది, మూత తీస్తే వాసన కొడ్తదని ఆఖరుకు పెట్టిన,” అని నవ్వాడు. “ఎవలు మేడం ఆమె, కొత్తగ చేరిందా?”

“మా అమ్మ.”

“అట్లనా. జర చెప్పున్రి మేడం అమ్మకు, మీకు ప్లాస్టిక్ డబ్బల పెట్టియ్యమని. స్టీలుది పోతే మా మీద పడ్తరు.”

“సరే,” అంది వాసంతి.

డబ్బాను ఒళ్లో పెట్టుకుని క్యాబ్‌లో ఇంటికి వచ్చింది. మెతుకులు వడకట్టి, మిగిలినది ఒక చెంచా తీసి, కాచి చల్లార్చిన పాలలో కలిపింది. గిన్నెను పొయ్యి పక్కన పెట్టింది.

శనివారం ఉదయానికి పాలు తోడుకున్నాయి. మీగడ మీద ఒక ఆవగింజ ఉంది. వాసంతి కొంచెం తీసి నోట్లో వేసుకుంది.

“అత్తయ్యగారి పెరుగులాగే ఉందా?” అని పార్థసారథి అడిగాడు.

“తెలియట్లేదండీ.”

ఆమె ఇంకో చెంచా తిని గిన్నె మీద మూత పెట్టింది.

పది గంటలకు పుణ్యవతి వచ్చి గుమ్మం బయట నిలబడింది. లోపల గిన్నె కనిపించింది.

“తోడుకున్నదా?”

“తోడుకుంది. కొంచెం తీసుకెళ్తారా ఆంటీ? రెండిళ్లలో ఉంటుంది.”

“మైలున్న ఇంట్ల నుంచి ఎట్ల తీస్కపోత బిడ్డా? పదోద్దినం కానియ్యి, నేనే గిన్నె తెస్త. అందాక జర చూస్కో.”

ఆ సాయంత్రం వాసంతి పాలు కాచి, చల్లారాక ఒక చెంచా పెరుగు వేసి మూత పెట్టింది.