సున్నం కింద ఊరు

మా ఊరి పుట్టినరోజని చర్చి గోడకు సున్నం కొట్టించాడు కంపెనీ మేనేజరు పాటర్సన్ దొర. అరటి కంపెనీ పుణ్యాన మాకో పుట్టినరోజు కూడా దొరికింది! హోండురాస్‌లో ఈ నది ఒడ్డున ఆయన కాలు పెట్టకముందు దోమలు తప్ప మనుషులే లేరట. పాతికేళ్ల కిందట దొరగారి బూటు బురదలో దిగబడిందట, మా ఊరు శాంతా ఇలారియా మొలిచిందట.

నాలుగు గుడిసెలూ ఈ చర్చీ కట్టుకున్నది మా ముత్తాతలు. తర్వాత సంత వచ్చింది, బడి వచ్చింది. కంపెనీ వచ్చింది అందరికంటే ఆఖరున, సరిగ్గా భోజనాల వేళకు.

ఇప్పుడు ఓడరేవు కోసం మా ఇళ్లు కూలుస్తారట. కంపెనీకంటే పాత ఊరిని కదిలించకూడదని చట్టం. మా కాగితాలు ఎప్పుడో వరదలో పోయాయి. మిగిలిన సాక్ష్యం ఆ గోడే. వరద వచ్చినప్పుడల్లా నీళ్లెంత ఎత్తుకొచ్చాయో అక్కడ కత్తితో గీత చెక్కి, పక్కన ఏడాది వేస్తాం. మొదటి గీత 1839. ఆదివారం రాజధాని నుంచి తనిఖీ అధికారి వస్తాడనగా, శనివారం గోడ తెల్లబడింది.

అందరం సంతలో చేరాం.

"అర్జీ పెడదాం," అన్నాడు బడిపంతులు ఎఫ్రాయిన్.

"చెవిటివాడి ముందు శంఖమూదుతావా, మాస్టారూ?" అంది బట్టలుతికే ఎదువీహెస్. "ఏమర్రా, దొరల కోట్లకు సున్నం అంటితే దేంతో వదిలిస్తాం?"

"పుల్లనారింజతో!" అన్నారు ఆడవాళ్లు.

"మరి గోడ అంతకంటే సున్నితమా?"

ఆదివారం బ్యాండు మోగుతుండగా అధికారి సిపాయిలతో పడవ దిగాడు. దొర ఉపన్యాసం అందుకున్నాడు. మేం రెండు వందలమంది నారింజలతో, ఇసుకతో, కొబ్బరి పీచుతో గోడ మీద పడ్డాం. గెలలు మోసేవాళ్లు, జాలర్లు, అర్జీ మాస్టారు కూడా. సున్నం కారిపోయింది. 1893 బయటపడింది. 1866. చివరికి 1839.

అధికారి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నాకేం కనబడటం లేదు."

కంపెనీ విందుకు లొట్టలేస్తున్నవాడికి ఏం కనబడుతుంది!

ఎదువీహెస్ అతని చెయ్యి పట్టుకుని వేళ్లను గీతలోకి నొక్కింది. "కళ్లు లేకపోతే వేళ్లున్నాయిగా, నాయనా. తడిమి చూడు."

జనం పగలబడి నవ్వారు. అధికారి మొహం పాలిపోయింది. సిపాయిలు ఆమె చేతులు విరిచికట్టి పడవలోకి తోశారు.

ఒడ్డున ఏడ్పులు మొదలయ్యాయి.

"ఏడుస్తారేంట్రా, సన్నాసుల్లారా!" అని పడవలోంచి అరిచింది. "ఈ ఏటి గీత గియ్యండి!"

"వరద రాలేదు కదే!" అన్నాడో జాలరి.

"రాలేదా? మునిగిపోతున్నట్టున్న ఆ దొరల మొహాలు చూళ్లేదా? అన్నిటికంటే పైన గియ్యండి, నిచ్చెనేసుకుని!"

నిచ్చెన మాస్టారే మోసుకొచ్చాడు.

సోమవారం దొర మళ్లీ సున్నం బకెట్లు పంపాడు. ఊరంతా గోడకు వీపులానించి నిలబడి ఉన్నాం, చేతుల్లో నారింజలతో.